తక్కువలో బతకడం వేరు, తక్కువ చాలనుకుని బతకడం వేరు



మొన్న ఎండాకాలం సెలవులకు ఊళ్లకు వచ్చినవాళ్లం ఓ ఇరవై మందిమి ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. హాస్టళ్ల ముచ్చట్లు, నోటిఫికేషన్ల ముచ్చట్లు అయ్యాక మన తమ్ముడొకడి పెళ్లి సంగతి వచ్చింది. పేరు చెప్పం, మనవాడే. పట్నంలో కాంట్రాక్టు ఉద్యోగం, నెలకు 14 వేలు చేతికొస్తాయి. పెళ్లికి రెండు లక్షలు అప్పు చేశాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. టెంటు, డీజే, లైట్లు, ఫొటో ఆల్బం, మూడు రకాల కూరలు, పైన ఐస్‌క్రీం. ఊరంతా బాగుందన్నారు. ఇప్పుడు నెలనెలా వడ్డీయే ఆరు వేలు. అసలు అట్లనే ఉంది. కట్టలేక తండ్రి పేరు మీదున్న మూడెకరాలు ఓ బయటి మనిషికి నోటిమాట మీద కౌలుకిచ్చారు. మూడేళ్లకని మాట. కాగితం లేదు. ఆ మూడెకరాల్లోనే ఆ తండ్రి పోయినేడు రోజుకూలీకి పత్తి ఏరాడు.

ఇది విన్నాక మాలో ఒకరు, "అందుకే మనం సింపుల్‌గా బతకాలి" అన్నారు. వెంటనే ఎమ్మే చదివే అక్క ఒకామె గట్టిగా అడిగింది. "ఇన్నాళ్లూ సింపుల్‌గానే బతికాం కదా? రోడ్డు లేకుండా, డాక్టరు లేకుండా, చెప్పులు లేకుండా. అందరూ కార్లు కొనుక్కున్నాక, మనం ఒక బండి కొనుక్కునే టైముకు సింపుల్ పాఠం మనకే చెప్తారా?"

ఆ రోజు ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ ఆ మూడెకరాల సంగతీ నిజమే. రెండూ నిజమైతే ఎట్లా? ఇన్ని రోజులు చదివి, పెద్దలను అడిగి, మాలో మేము కొట్లాడుకుని ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి.

ముందు చట్టాల దగ్గర మొదలుపెడదాం. మన చరిత్ర సగం మన పాటల్లో ఉంటే మిగతా సగం చట్టాల్లో ఉంది. ఏదైనా అన్యాయం బాగా ముదిరాకనే దానికో చట్టం వస్తది. కాబట్టి చట్టాన్ని చదివితే, అది రాకముందు మనోళ్ల మీద ఏం జరిగిందో తెలిసిపోతది.

1917లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక చట్టం వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూముల బదలాయింపు చట్టం. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు అది వర్తించింది. మనందరికీ 1/70 తెలుసు, దాని ముత్తాత ఈ చట్టం. దాని పేరు మళ్లీ ఒకసారి చదవండి. భూమి కంటే ముందు వడ్డీ ఉంది. కొండజాతుల మనిషి దగ్గర ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ వసూలు చేయకూడదని, వడ్డీ మీద వడ్డీ వేయకూడదని అందులో రాశారు. భూమిని ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్లకు రాసివ్వడం చెల్లదన్నారు. వడ్డీ, భూమి రెండూ ఒకే చట్టంలో ఎందుకు పెట్టారు? భూమి పోయే దారి వడ్డీయే గనక. ఆనాటి తెల్లదొరలకు కూడా అది అర్థమైంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాదికి 24 అంటే నెలకు నూటికి రెండు రూపాయలు. వందేళ్ల కిందట బ్రిటిష్ వాడు కూడా మనోళ్ల దగ్గర ఇంతకు మించి తీసుకోవద్దని గీత గీశాడు. మన తమ్ముడు తెచ్చింది నూటికి మూడు, అంటే ఏడాదికి 36. రెండు లక్షలకు ఏడాదికి 72 వేలు. సంవత్సరం జీతం లక్షా 68 వేలు. దాంట్లోంచి 72 వేలు పోతే ఏం మిగిలింది? 1917లో చదువురాని మన ముత్తాతను ఏ వడ్డీ నుంచి కాపాడాలనుకున్నారో, దానికంటే పెద్ద వడ్డీకి డిగ్రీ చదివిన మనవడు నవ్వుకుంటూ పోయి సంతకం పెట్టొచ్చాడు.

అప్పు మన కొండల మీదికి ఎట్లా ఎక్కింది? ఉప్పు, బట్ట, కిరసనాయిలు. మనం పండించుకోలేనివి ఇవే. మిగతావన్నీ చేనులో, అడవిలో దొరికేవి. సంతకు చింతపండు, ఇప్పపువ్వు, తేనె, జిగురు తీసుకుపోతే షావుకారు తూకం వేసి ఉప్పు, గుడ్డ ఇచ్చేవాడు. తూకం వాడిదే, ధర వాడిదే, పద్దు పుస్తకం వాడిదే. వానాకాలంలో గింజలు అయిపోతే అప్పిచ్చేవాడు, పంటప్పుడు కల్లం దగ్గరికే వచ్చి కొలుచుకుపోయేవాడు. తీరకపోతే మనిషే పనికి కుదరాలి. విశాఖ ఏజెన్సీ వైపు దాన్ని గొత్తి అన్నారు, తెలంగాణలో భగేలా అన్నారు. అప్పు చేసింది తండ్రి, పాలేరుగా పోయింది కొడుకు. ఇది ఎంత పెరిగిందంటే 1940లో ఏజెన్సీ అప్పు బానిసత్వాన్ని రద్దు చేయడానికే విడిగా ఒక రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలుస్తాం కదా, అది పుట్టింది కూడా ఈ షావుకారు తూకం నుంచి తప్పించడానికే. ఇప్పటికీ ఆ డిపోలలో మన అటవీ ఫలసాయం కొంటారు, ఉప్పు పప్పు అమ్ముతారు. ఒక ఉప్పు ప్యాకెట్ వెనక ఇంత చరిత్ర ఉంది.

మన తాతలు ఆశపడి అప్పు చేయలేదు. ఉప్పు లేకుండా ఎవరు బతుకుతారు? వాళ్లది తక్కువలో బతకడం. ఆ తక్కువను వాళ్లు ఎంచుకోలేదు, ఎవరో లాక్కుంటే మిగిలింది అది. అడవిని రిజర్వు చేశారు, పోడు ఆపారు, పశువుల మేతకు పన్ను కట్టమన్నారు. ఆదిలాబాద్‌లో నిజాం అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టి, చేలు ఖాళీ చేయిస్తేనే కదా కుమురం భీం జల్, జంగల్, జమీన్ అన్నది. 1940లో జోడేఘాట్‌లో ఆయన అమరుడయ్యాడు. ఆయన అడిగింది మేడలు కాదు, బంగారం కాదు. మా నీళ్లు, మా అడవి, మా భూమి మాకు వదలండి, మేం బతుకుతాం అన్నాడు. ఆ మూడూ ఉన్నవాడికి కొంచెం చాలు. ఆ మూడూ లేనివాడికి ఎంత జీతమొచ్చినా చాలదు.

భీం తర్వాత జరిగిందాంట్లో మనకు పనికొచ్చే కథ ఒకటుంది. మార్లవాయి కథ. ఆదిలాబాద్ వాళ్లకు తెలుసు, భద్రాచలం, పాడేరు వైపు తమ్ముళ్లకు చెల్లెళ్లకు తెలియకపోవచ్చు. అందుకే చెప్తున్నాం.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. పెద్దింటి బిడ్డ. మానవశాస్త్రం చదివాడు. 1938లో ఇంగ్లాండుకు చెందిన బెట్టీని పెళ్లి చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి వాళ్లు ఇండియాలో ఉన్నారు. ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో శత్రుదేశం మనిషి. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దన్నారు. ఆ నిర్బంధంలోనే ఆయన నల్లమలలో చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, తర్వాత ఆదిలాబాద్‌లో గోండుల దగ్గర ఉన్నాడు. భీం తిరుగుబాటు తర్వాత, అసలు ఈ జనం ఎందుకు లేచారో తెలుసుకుని చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్ని అడిగింది.

భార్యాభర్తలిద్దరూ ఇప్పటి జైనూర్ మండలంలో ఉన్న మార్లవాయి చేరి గోండు గూడెం మధ్యలో గుడిసె వేసుకున్నారు. తడికె గోడలు, గడ్డి కప్పు. గోండీ నేర్చుకున్నారు. దండారిలో కూర్చున్నారు, చావుల్లో కూర్చున్నారు. కావాలంటే హైదరాబాద్‌లో బంగళాలో ఉండి, గుర్రమెక్కి వచ్చి రిపోర్టు రాసుకుని పోవచ్చు. అట్లా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక్కడ మేం కళ్లు మూసుకుని పొగడట్లేదు. వాళ్లను మన ప్రాంతంలో ఉంచింది యుద్ధం. ఆయనకు ప్రభుత్వ జీతం ఉంది, తర్వాత సలహాదారు హోదా వచ్చింది. గుడిసెలో ఉండబుద్ధి కాకపోతే వెళ్లిపోయే దారి కూడా ఉంది. పక్క గుడిసెలోని గోండు రైతుకు ఆ దారి లేదు. ఒకే ఊరు, ఒకే రకం గుడిసె, ఒకే జొన్న గట్క. ఒకరిది ఎంపిక, ఇంకొకరిది రాత. మన అక్క అడిగిన ప్రశ్న ఇదే.

కానీ ఆ ఇద్దరూ గుడిసెలో కూర్చుని ఏం చేశారో చూడండి. మీరు ఇట్లనే అందంగా, సింపుల్‌గా ఉండండి అని గోండులకు నీతులు చెప్పలేదు. ముందు భూమి పట్టాలు అన్నారు. ఆయన రిపోర్టులు, ఒత్తిడి వల్ల వేల మంది గోండు, కొలాం రైతుల పేర భూములు పట్టా అయ్యాయి. రెండోది చదువు. 1943లో మార్లవాయిలోనే ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులనే పంతుళ్లను చేశారు, గోండీలో వాచకాలు తయారుచేశారు. మన జిల్లాలో మొదటి తరం ఆదివాసీ టీచర్లు అట్లా వచ్చారు. తాము తక్కువతో బతికారు, పక్కవాడి హక్కు మాత్రం తక్కువ కాకుండా చూశారు. నిరాడంబరత అని ఎవరైనా మన ముందు మాట్లాడితే ఈ కొలతతోనే కొలవాలని మా అభిప్రాయం.

యుద్ధం అయిపోయాక ఆయన లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు, పెద్ద పేరొచ్చింది. అయినా మళ్లీ మళ్లీ మార్లవాయి వచ్చారు. 1970లలో వచ్చినప్పుడు ఆయన చూసింది వేరే ఆదిలాబాద్. రోడ్లు వచ్చాయి, రోడ్ల వెంట వ్యాపారులు, భూముల కోసం వలసదారులు వచ్చారు. ఒకప్పుడు పట్టాలు వచ్చిన భూములు చాలా చోట్ల చేతులు మారాయి. జొన్న చేలల్లోకి పత్తి వచ్చింది. 1982లో వచ్చిన ఆయన పుస్తకం భారతదేశపు గిరిజనుల మనుగడ పోరాటం గురించి. దాంట్లో ఈ భూముల సంగతి బాధగా రాశాడు. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలను కూడా తర్వాత తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ప్రతి ఏడాది జనవరి 11న మనోళ్లు అక్కడ చేరి ఆచార వ్యవహారాలతో తలుచుకుంటారు. మన జనం ఎవరిని పడితే వాళ్లను ఊరి మట్టిలో కలుపుకోరు.

బయటి దేశం మనిషి ముచ్చట చాలు, మన దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు. ఎస్.ఆర్. శంకరన్. తంజావూరు వైపు పుట్టిన తమిళ మనిషి, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్. పెళ్లి చేసుకోలేదు. పెద్ద పదవులు చేశాడు, త్రిపురకు చీఫ్ సెక్రటరీగా ఉన్నాడు, ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా రిటైరయ్యాడు. చివరికి హైదరాబాద్‌లో చిన్న ఫ్లాట్‌లో ఉన్నాడు. జీతంలో, పెన్షన్‌లో పెద్ద భాగం పేద పిల్లల చదువులకు ఇచ్చేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్తారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు.

కానీ ఆయన్ని తలుచుకునేది మామూలు బట్టలు కట్టుకున్నందుకు కాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక దాన్ని కాగితం మీద వదిలేయకుండా ఊళ్లల్లోకి తీసుకుపోయినవాడు ఆయన. పైన చెప్పిన భగేలా, ఆ అప్పు పాలేరుతనం, అది నేరమని పాలేర్లకే చెప్పించాడు. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారులను పట్టుకుపోయినప్పుడు వాళ్లలో ఈయనా ఉన్నాడు. గిరిజనుల పనుల కోసం వెళ్లినప్పుడే అది జరిగింది. బయటికొచ్చాక కూడా ఏజెన్సీని వదల్లేదు. తర్వాతి రోజుల్లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు జరగాలని పౌరుల కమిటీతో ఏళ్ల తరబడి తిరిగాడు. 2010లో పోయాడు.

ఆయన సొంత అవసరాలు తక్కువ. అందుకే ఏ పెద్దమనిషికీ భయపడలేదు. బదిలీ చేస్తే పోతాయి అనుకోవడానికి ఆయన దగ్గర ఏమున్నాయి? ఎవరూ లాక్కోలేని బలం అది. మన ఉద్యోగస్తులైన అన్నలు, అక్కలు ఇది కొంచెం ఆలోచించాలి. మూడు ఈఎంఐలు నెత్తిన ఉన్న ఉద్యోగి తన గూడెం భూమి తగాదాలో నోరు తెరవగలడా? తెరవాలనున్నా నెల జీతం గుర్తొస్తది. మేం ఎవరినీ తప్పుపట్టట్లేదు, మా ఇళ్లల్లోనూ ఇదే ఉంది.

ఇప్పుడు మన పాత పద్ధతుల దగ్గరికి వద్దాం. పాతకాలమంతా బంగారం అని మేం అనం. కలరా, మలేరియాతో గూడేలు ఖాళీ అయిన కాలం అది. బాలింతలు దారిలో పోయిన కాలం అది. ఆ తక్కువ మనకొద్దు. ఐతే కొన్ని సంగతులు పాతవాళ్లు తెలివిగా కట్టుకున్నారు. గోండుల్లో దీపావళికి దండారి కట్టి ఒక ఊరు ఇంకో ఊరికి పోతది. వచ్చినవాళ్లకు ఆ ఊరంతా కలిసి వండి పెడతది. మళ్లీ వీళ్లు వాళ్ల ఊరికి పోతారు. వందమంది తిన్నా ఒక ఇంటి మీద బరువు పడదు. గుస్సాడీ నెమలి ఈకల టోపీ దుకాణంలో కొన్నది కాదు. పెళ్లికి పిల్లవాడి వైపు నుంచి ఓలి ఇచ్చేవాళ్లు. ఇచ్చుకోలేని పిల్లవాడు మామ ఇంట్లో కొన్నేళ్లు పని చేసి పిల్లను చేసుకునేవాడు. పేదవాడికి కూడా పెళ్లికి అప్పు లేని దారి ఒకటి ఉండేదన్నమాట. ఇప్పుడు కొన్ని చోట్ల ఓలి పోయి కట్నం మొదలైంది. చదువుకున్న పిల్లవాడని బండి అడుగుతున్నారు. ఆడపిల్ల పుడితే భయపడని సమాజం మనది. ఆ భయాన్ని మనమే కొని తెచ్చుకుంటున్నాం, అదీ వాయిదాల మీద.

ఇక అక్కా, నీ ప్రశ్నకు మా జవాబు ఇది.

నువ్వన్నది నిజం. మనకు సింపుల్ పాఠం చెప్పే అర్హత బయటివాళ్లకు లేదు. రోడ్డు అడుగుదాం, డాక్టరును అడుగుదాం, హాస్టల్లో మంచి తిండి అడుగుదాం, ఐటీడీఏ ముందు కూర్చుని అడుగుదాం. అవి సౌఖ్యాలు కావు, బాకీలు. మీరు అడవి బిడ్డలు, మీకెందుకు ఇవన్నీ అనేవాడి మాట వినకండి. ఫోను కొనుక్కో, ల్యాప్‌టాప్ కొనుక్కో, చదువుకు పనికొస్తది. డ్యూటీకి పోవడానికి బండి కావాలంటే కొనుక్కో.

కానీ చూపించుకోవడం కోసం చేసే అప్పు వేరు. "మనోళ్లు కూడా ఏం తక్కువ కాదు" అని పక్కూరి షావుకారుకు చూపించడానికి మనం ఆ షావుకారు దగ్గరే అప్పు తెస్తున్నాం. వాడికి నష్టమేముంది? వాడు మన డీజేకు వచ్చి చప్పట్లు కొడతాడు, మరుసటేడు మన చేనులో విత్తనం వేస్తాడు. 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో సవరించి 1/70 చేశారు. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, తనఖా పెట్టడం, కౌలుకివ్వడం కూడా చెల్లదని దాంట్లో ఉంది. నోటిమాట కౌలు కూడా అంతే. ఆ చట్టం కోసం, ఆ భూమి కోసం మనోళ్లు జైళ్లకు పోయారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ల మీదే కాల్పులు జరిగాయి. అన్ని ప్రాణాలు పోసి నిలబెట్టుకున్న భూమిని ఒక రాత్రి లైట్ల కోసం మనంతట మనమే మాటగా ఇచ్చేస్తే, చట్టం వచ్చి మన చెయ్యి పట్టుకుని ఆపదు.

మన తాతలు తక్కువలో బతికారు, వాళ్లకు వేరే దారి లేదు. మనకు దారి ఉంది. ఇది చాలు అని మన నోటితో మనం అనగలిగితే, అది లేమి కాదు. అది మన ఇష్టం. ఆ ఇష్టం మన చేతిలో ఉండాలంటే భూమి మన చేతిలో ఉండాలి, వడ్డీ మన నెత్తిన ఉండకూడదు.

ఆ రోజు చెట్టు కింద చివరికి మేం మామూలు మాటలు మూడు అనుకున్నాం. ఒకటి, పెళ్లికి, పేరంటానికి వడ్డీ అప్పు తేవద్దు. దాచుకున్నంతలోనే చేద్దాం. రెండు, మనలో ఎవరి పెళ్లి ఉన్నా మిగతావాళ్లం గింజలు, కూరగాయలు, పని తలా ఇంత పంచుకుందాం, డోలు మనదే, ఆట మనదే. మూడు, ఏ కారణానికీ భూమిని మాట మీద బయటికి ఇవ్వద్దు. ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచకుండా గ్రూపులో చెప్పండి, కలిసి చూద్దాం.

మూడో మాటకు మొదట లేచింది ఆ పెళ్లి తమ్ముడే. తలొంచుకుని, "మా నాయన మళ్లీ తన చేనులో తానే విత్తనం వేసుకోవాలన్నా" అన్నాడు. పెద్దలతో కలిసి ఎస్‌డీసీ ఆఫీసుకు దరఖాస్తు రాసిచ్చాం. అప్పు సంగతి కూడా కూర్చుని లెక్క తేలుస్తున్నాం. పని ఇంకా అవలేదు. వచ్చే ఆకాడి పండుగకు ఊరికి వచ్చినవాళ్లు ఆ చేను వైపు ఒకసారి వచ్చి పొండి. ఎవరు దున్నుతున్నారో మీరే చూస్తారు.

జై ఆదివాసీ.